బొట్టు పెట్టిన టాబ్లెట్

అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింద, పిల్లర్ల నీడలో ఆగివున్న కారులో అరుణ్‌కుమార్ చనిపోయి ఉన్నాడు. చూసినవాళ్ళంతా నిద్రపోతున్నాడనుకున్నారు. దసరా పొద్దున ఎవరి హడావుడి వాళ్ళది, బంతిపూల బేరాలే తెగడం లేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో ఒక్కటే గుండు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ మొత్తంలో కంప్యూటర్ల గుట్టు విప్పగల మనిషి అతనొక్కడే.

ఆ కబురు మధ్యాహ్నం దాటాక శంషాబాద్‌లోని ఒక అద్దె గదికి ఫోన్‌లో చేరింది.

"జల్‌పల్లి ట్యాంకర్ వచ్చిందా?" అని అడిగింది అవతలి గొంతు.

"రాలేదు. కందుకూరుకు పోయిందంట."

కోడ్ సరిపోయింది. మాట్లాడుతున్నది చీఫ్.

"అరుణ్ లేడు. ఆ టాబ్లెట్ ఇక మీరే తెరవాలి."

"నాకు బ్యాగులు చుట్టడం తప్ప ఏం రాదు సార్."

"సాయంత్రం ఫ్లైట్ లోపల వచ్చేలా చూసుకోండి," అన్నాడు చీఫ్.

మల్లేశ్వర్ గూఢచారి. ఎయిర్‌పోర్టులో మాత్రం ప్రయాణికుల సూట్‌కేసులకు ప్లాస్టిక్ చుట్టే మనిషి. ఈ ఊళ్ళో అతని పేరు యాదగిరి. అసలు పేరుతో అతన్ని ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. పాండవులు ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచి అజ్ఞాతవాసానికి పోయారంటారు. వాళ్ళకు ఏడాది అని గడువైనా ఉంది. పైగా వాళ్ళు అయిదుగురు.

నిన్న ఆర్కిడ్ అనే విదేశీ ముఠా కొరియర్ ఒకడు సూట్‌కేస్ చుట్టించుకోవడానికి వచ్చాడు. జిప్ సరిచేసే వంకతో మల్లేశ్వర్ లోపలున్న టాబ్లెట్ తీసేసి, అచ్చం అలాంటిదే ఇంకొకటి పెట్టాడు. కొత్తది ఎంత నొక్కినా వెలగదు. ఛార్జింగ్ అయిపోయిందని కొరియర్ తిట్టుకుంటాడు, అంతే.

తెలియాల్సింది ఒక్కటే. మాధవీలత మన మనిషని ముఠాకు తెలిసిపోయిందా, లేదా?

మాధవీలత ముఠా నాయకుడి ఇంటర్‌ప్రెటర్. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, ఆమె వెళ్ళిపోయాక కూడా కౌంటర్ దగ్గర ఉండిపోయే సెంటు వాసన. నాయకుడు తన రహస్యాలన్నీ ఆమె చేతే అనువాదం చేయించుకుంటాడు. ఆమె వాటికి ఇంకో కాపీ చేసి మనకు పంపిస్తుంది. ఈ సాయంత్రం ఆ నాయకుడితోనే విమానం ఎక్కుతోంది. వాళ్ళకు తెలియకపోతే ఆమె వెళ్ళి తీరాలి, అక్కడ ఇంకా చాలా పని ఉంది. తెలిసిపోయివుంటే ఆ విమానం నుంచి ప్రాణంతో దిగదు.

ప్రతి ప్రయాణానికీ ఆమె సూట్‌కేస్ చుట్టింది మల్లేశ్వరే. ఇద్దరూ మాట్లాడుకున్నవన్నీ కోడ్ మాటలే. ట్యాంకర్ వచ్చిందా, పోయిందా. ఆ మాత్రానికే అతను ఆమెను ప్రేమించాడు. ఒంటరి మనిషికి ట్యాంకర్ కబురు కూడా తియ్యగానే ఉంటుంది మరి.

అరుణ్‌కుమార్ ఎందుకైనా మంచిదని పోయిన వారమే ఒక పెన్‌డ్రైవ్, ఒక హబ్, చిన్న కీబోర్డు తెచ్చిచ్చి, టీ తాగుతూ అంతా విడమర్చి చెప్పాడు. టాబ్లెట్‌ను మామూలుగా ఆన్ చేస్తే దాని లోపలి సిస్టమ్ మేలుకుంటుంది, ముఠాకు కబురు చేసి ఉన్నదంతా చెరిపేసుకుంటుంది. అందుకని బయటి పెన్‌డ్రైవ్ నుంచి లేపాలి. ఇంటాయన నిద్రలో ఉండగానే మనం పోయి దీపం పెట్టుకోవడం లాంటిదన్నాడు. సౌండ్ తగ్గించే మీట నొక్కిపట్టి, పవర్ నొక్కాలి. నల్ల తెర వస్తుంది. అక్కడ వేలితో తాకితే పలకదు, కీబోర్డుతోనే పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. ఫైళ్ళ తాళంచెవి మాధవీలత ఎప్పుడో సంపాదించి పంపింది, అదీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. టీ డబ్బులు కూడా అరుణే ఇచ్చాడు. మళ్ళీసారి నేనిస్తానని మల్లేశ్వర్ అన్నాడు.

టాబ్లెట్ తన పనిముట్ల సంచిలో దాచాడు. పనివాడి సంచిలోకి ఎవరూ తొంగిచూడరని డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో చెప్పారు. ట్రైనింగ్ ఇచ్చినాయన దసరా పండుగ సంగతి మర్చిపోయాడు.

సంచి మంచం కింద లేదు.

కింది వాటాలో ఇంటావిడ అనంతమ్మ దేవుడి పటం ముందు కొడవలి, గడ్డపార, కుట్టుమిషన్, స్కూటర్ తాళంచెవి వరసగా పేర్చింది. ఆ వరసలోనే మల్లేశ్వర్ కట్టర్, టేపు, కీబోర్డు, హబ్, పెన్‌డ్రైవ్, ఆర్కిడ్ ముఠా టాబ్లెట్ కూడా ఉన్నాయి. అన్నింటికీ తడి పసుపు పూసి కుంకుమ పెట్టింది. టాబ్లెట్ మీద బంతిపువ్వు కూడా ఉంది.

"పని చేసుకొని బతికెటోనివి. పండుగ పూట పనిముట్లకు బొట్టు లేకుంటె ఎట్ల బిడ్డా?" అంది అనంతమ్మ. "నీకు చెయ్యనీకి ఎవరున్నరని నేనే దెచ్చి పెట్టిన. పూజ అయ్యేదాక ముట్టకు."

డ్యూటీకి పిలిచిండ్రమ్మా అని అబద్ధమాడాడు. పండుగ పూట కూడా డ్యూటీ ఏందని ఆమె గొణిగింది, కొబ్బరికాయ మాత్రం అప్పటికప్పుడే కొట్టింది. మల్లేశ్వర్ దండం పెట్టుకొని అన్నీ పైకి తెచ్చుకున్నాడు. తెర మీద పసుపు తుడిచాడు. పైఅంచున ఉన్న కుంకుమబొట్టు తుడవబోయి ఆగాడు. తన కోసమని ఎవరో పెట్టిన బొట్టు చెరపడానికి చెయ్యి రాలేదు.

టాబ్లెట్‌కు ఉన్నది ఒకటే పోర్టు. దానికి హబ్, హబ్‌కు పెన్‌డ్రైవ్, కీబోర్డు. ఛార్జింగ్ పెట్టడానికి ఇక చోటు లేదు, ఉన్న బ్యాటరీ కాస్తంతే. మీట నొక్కిపట్టి పవర్ నొక్కాడు. నల్ల తెర వచ్చింది. అందులో పెన్‌డ్రైవ్ పేరు లేదు. మళ్ళీ వెతికేలోపలే తెర తెల్లబడింది.

లోపలి సిస్టమ్ మేలుకుంది.

పైఅంచున చిన్న ఆకుపచ్చ దీపం వెలిగి ఆరింది. ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు కనిపించాయి. ఫోటో తీసి పంపించాము, చెరిపివేత మొదలవుతోంది. అరుణ్‌కు కూడా తెలియని ఉచ్చు అది. మల్లేశ్వర్ పవర్ మీట అదిమిపట్టి టాబ్లెట్ గొంతు నొక్కేశాడు.

ఇక తన ముఖం ముఠా చేతుల్లో ఉంది. అరుణ్‌ను వెతుక్కుంటూ వచ్చినవాడు రేపు ఈ మెట్లెక్కుతాడు. పారిపోవాలంటే ఇప్పుడే పోవాలి, బస్టాండు పక్కనే. తను పోతే ఇంటద్దె గురించి అనంతమ్మ తప్ప అడిగేవాళ్ళు కూడా లేరు. కానీ మాధవీలత ఈపాటికి గేటు దగ్గర కూర్చుని ఉంటుంది, ట్యాంకర్ కబురు కోసం ఎదురుచూస్తూ. అతను కదల్లేదు.

పెన్‌డ్రైవ్ తీసి చూశాడు. దాని మూతి నిండా పసుపు. అనంతమ్మ ఏ మూలా వదల్లేదు. చొక్కా అంచు మెలిపెట్టి లోపలంతా తుడిచి, ఊది, మళ్ళీ గుచ్చాడు. మీట. పవర్. నల్ల తెర. ఈసారి పెన్‌డ్రైవ్ పేరు కనిపించింది. కీబోర్డు నొక్కాడు. అరుణ్‌కుమార్ తయారుచేసిన నీలం తెర వచ్చింది. పోయిన మనిషి చెయ్యి పట్టుకొని నడిపిస్తున్నట్టే అనిపించింది మల్లేశ్వర్‌కు.

చెరిగినవి చెరగ్గా మిగిలిన ఫైళ్ళలో అన్నింటికన్నా కొత్తది తెరిచాడు. మాధవీలత ఫోటో ఉంది. కింద ఆర్డరు: "విమానం లేచాక. కాఫీలో."

తెర ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. అయితేనేం, చదవాల్సింది చదివేశాడు.

చీఫ్‌కు ఫోన్ చేసి, "ట్యాంకర్ వెనక్కి రావాలె సార్," అన్నాడు. తన ఫోటో పోయిందన్న సంగతి కూడా చెప్పాడు. అది తర్వాత చూద్దామని చీఫ్ లైన్ కట్ చేశాడు.

విమానాశ్రయంలో ఆఖరి ప్రయాణికులు లోపలికి వెళ్తున్నారు. మాధవీలత బోర్డింగ్ పాస్ ఇవ్వబోయింది. ఫోన్ మోగింది, మెసేజ్ చదివింది. కళ్ళద్దాలు మర్చిపోయాను, మీరు పదండి అని నాయకుడికి నవ్వుతూ చెప్పి వెనక్కి తిరిగింది. అద్దాలు ఆమె తలమీదే ఉన్నాయి. అది నాయకుడు గమనించేలోపల, గేటు పక్కన నేల ఊడుస్తున్న మనవాళ్ళిద్దరు చీపుర్లు పడేసి అతన్ని పట్టుకున్నారు. అతని వెంటే ఉన్న ఇంకో కొరియర్ జేబులో చిన్న విషం సీసా దొరికింది.

సాయంత్రం మల్లేశ్వర్ డాబా మీద నిలబడ్డాడు. ఆ విమానం ఇంటి మీదుగానే వెళ్ళింది. అందులో మాధవీలత సీటు ఖాళీగా ఉందని తలుచుకుంటే ఎంతో సంతోషం వేసింది. ఇక ఆమె ఏ సూట్‌కేసూ చుట్టించుకోవడానికి రాదని కూడా తట్టింది. ఆ రెండూ ఒకేసారి తట్టడం బాగోలేదు.

చీఫ్ ఫోన్ వచ్చింది. మాధవీలతకు కొత్త ఊరు, కొత్త పేరు ఇచ్చేశారట. అవేమిటో చెప్పడానికి వీల్లేదు.

"మిమ్మల్ని ఒక మాట అడగమంది," అన్నాడు చీఫ్ అనుమానంగా. "పండుగ పూట తిన్నవా అని. ఇదేం కోడ్? నా పుస్తకంలో లేదు."

"కోడ్ కాదు సార్," అన్నాడు మల్లేశ్వర్.

"సరే. మీ ఫోటో సంగతి. వాళ్ళకు చేరిన దాని కాపీ ఒకటి మనవాళ్ళకూ చిక్కింది. భయపడాల్సిన పనేం లేదు. మీరు అందులో లేరు."

మల్లేశ్వర్ గదిలోకి వెళ్ళి టాబ్లెట్ చేతిలోకి తీసుకున్నాడు. పైఅంచున అనంతమ్మ పెట్టిన బొట్టు సరిగ్గా కెమెరా కంటి మీద ఉంది.

అనంతమ్మ మెట్లెక్కి వచ్చి అతని చేతిలో జమ్మి ఆకు పెట్టింది. "బంగారం తీసుకో యాదగిరీ. అన్నం తిందువు రా." అది తన పేరు కాకపోయినా మల్లేశ్వర్ వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టి, వెంట దిగాడు.

ముఠాకు దొరికిన ఏకైక ఆధారం ఒక ఎర్రమచ్చ. వాళ్ళ నిపుణులు దాన్ని పెద్దది చేసి ఇంకా చూస్తూనే ఉన్నారు. ఎంత పెద్దది చేసినా ఎరుపు పెరుగుతోందే తప్ప, అనంతమ్మ మాత్రం కనబడడం లేదు.