గానుగ షెడ్డు కాడ ఎంటికలడిగిన రేడియో

జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి పొయ్యే తొవ్వల పాడువడ్డ గానుగ షెడ్డు ఒకటుంది. పొద్దుగూకినంక అక్కడ ఎవ్వరూ బండి ఆపరు. ఎనకట చెరుకు గానుగల జడ చిక్కి ఓ ఆడమనిషి అక్కడ్నే పాణమిడిచిందంట. అప్పటిసంది తొవ్వన పొయ్యెటోళ్ళను ఎంటికలు అడుగుతదంట… నేను చూడలే. నాకు చెప్పినోళ్ళు గూడ చూడలే. అయినా ఆ షెడ్డు రాంగనే ఆడోళ్ళందరూ కొంగు నెత్తిమీదికి గుంజుకుంటరు.

తారాబాయి అయితే రెండు చేతులతోని జడ పట్టుకుంటది.

ఆమె జడ అసుంటిది మరి, మోకాళ్ళ దాకా. కానీ దాని మీద ఓ మొక్కున్నది. అల్లం చేన్ల కుళ్ళు సొచ్చిన ఏడు, పంట దక్కితే తలనీలాలిస్తనని ఝరాసంగం దేవునికి మొక్కింది. పంట దక్కింది. మరిది కొడుకు పెండ్లని ఓసారి ఆగింది. కోడలు సీమంతమని ఇంకోసారి ఆగింది. ఇప్పుడు మేనగోడలు రుచిత లగ్గం ముంగటవడ్డది. శివునికి జడలకేం కరువు, ఇంకో నాలుగు దినాలు ఆగుతడు తియ్యి, అన్నది.

పెనిమిటి మల్లప్పకు దయ్యం ఫికర్ లేదు. నెత్తికి దువ్వెన ముట్టి ఎన్నేండ్లయిందో! ఆయన ఫికరంత పాత మారుతి కారుదే. అండ్ల రేడియో ఉన్న క్యాసెట్ల టేపు. అది రీళ్ళు మింగి మింగి ఒక్క క్యాసెట్టు మిగల్చలే. ఫోన్ల పాటలు అండ్ల ఇనాలని ఓనాడు ఇద్దరూ కలిసి జహీరాబాద్ బస్టాండు ఎనక దేవరాజ్ కొట్టుకు వొయ్యిన్రు.

దీనికి ఫోను వైరు పెట్టే బొక్కనే లేదు, ఇప్పి ఎనకకెళ్ళి వైరు అతికిస్త గానీ పాత సెట్టు సస్తే నన్ననొద్దు, అన్నడు దేవరాజ్. మల్లప్ప సెట్టుకు చెయ్యి అడ్డం వెట్టిండు. అయితే ఇది పెట్టుకో అని, సిగరెట్ ముట్టించే బొక్కల బొటనవేలంత పీసు గుచ్చిండు. ఎర్రలైటు వెలిగింది. ఫోను వైరు దానికి పెడితే అదే చిన్న రేడియో స్టేషనంట. కార్ల రేడియో దాని నంబరు మీద ఉంచితే చాలంట. నడుమ తీగె లేదు, ఏం లేదు. గాలిల పాట ఎట్ల నడుస్తదో, ఏమో తల్లీ.

నంబరు తొంభై ఎనిమిది పెట్టిండు. నాకు అచ్చొచ్చిన నంబరు, వచ్చినోళ్ళందరికీ గదే పెడత, అన్నడు.

పాటలినుకుంట ఇంటి తొవ్వ పట్టిన్రు. పొద్దుగూకింది. సరిగ్గ గానుగ షెడ్డు కాడికొచ్చేసరికి ఫోను ఛార్జింగ్ అయిపోయింది. పాట ఆగింది. ఊకె గుర్రుమని చప్పుడు… తారాబాయి చెయ్యి జడ మీదికి వోయింది.

అప్పుడు… సన్నగ…

"ఎంటికలు… అమ్మా… ఎంటికలియ్యిన్రమ్మా…"

మల్లప్ప దిక్కు చూసింది. ఆయన పెదవులు కదుల్తలేవు. ఫోను వైరు గుంజి పారేసింది. అయినా —

"ఎంత పొడుగున్నా సరే… తీస్కపోత…"

ఎర్రలైటు పీసే పీకి ఒళ్ళె వేసుకున్నది. పీసు సల్లారింది. గొంతు సల్లారలే.

"ఇంకెన్నాళ్ళాగాలమ్మా…"

"నీక్కూడ ఇనవడ్తుందా?" అన్నది గుసగుసగ.

"ఇనవడ్తుంది," అన్నడు మల్లప్ప. "అడిగేది నన్నైతే గాదు."

ఏ గేరు వేసిండో ఆయనకే ఎరుకలే. షెడ్డు దాటినంక గొంతు మాయమైంది.

ఆ రాత్రి పొయ్యి ముట్టియ్యలే. దయ్యమైతే జడ అడిగి ఊకుంటది, మొక్కు ఆగిన సంగతి దానికెట్ల ఎరుక, అని తారాబాయి తెల్లందాక అదే మాట. తెల్లారి ఝరాసంగం వోయి మంగలి ముంగట కూసున్నది. ఒళ్ళెకు జారిన జడను ఒక్కసారి నిమిరి ఇచ్చేసింది.

గుండు మీద గంధంతోని ఊళ్ళెకు వచ్చేసరికి… వాడకట్టుల అదే గొంతు.

"ఎంటికలు… అమ్మా… ఎంటికలియ్యిన్రమ్మా… ఎంత పొడుగున్నా సరే తీస్కపోత… ఎంటికలకు స్టీలు గిన్నెలిస్తం…"

ట్రాలీ ఆటో. మీద మైకు, ఎనక గిన్నెల మూట. ఎంటికలు కొనేటాయన, పేరు చెన్నబసప్పంట! మల్లప్ప లోపలికి తొంగి చూస్తే అదే పీసు, అదే ఎర్రలైటు, అదే తొంభై ఎనిమిది. షెడ్డు కత ఎరుకలేక నిన్న మాపటికి దాని ఎనక ఆగి మూట కట్టుకున్ననని, మైకు బందువెట్టిన గని ఫోను బందువెట్టుడు మరిచిననని చెప్పిండు చెన్నబసప్ప. ఈయన పీసు గొంతే మన రేడియోల వడ్డదని మల్లప్ప కడుపు పట్టుకొని నవ్వుడు.

చెన్నబసప్ప ఆ కొత్త గుండు దిక్కు చూసి, అడగాల్నా వద్దా అనుకుంట, "ఎంటికలేమన్న…" అన్నడు.

"నిన్న నువ్వు అడిగితివి, నేను దేవునికిచ్చిన. గిన్నె మాత్రం నాకు పెట్టి పో," అన్నది తారాబాయి. "అడుగుతె అడిగినవు గానీ, ఇంకెన్నాళ్ళాగాలె అని ఎందుకు పెట్టినవయ్యా రికార్డుల? సగం పాణం వోయింది."

"గా మాట నేను పెట్టలేదమ్మా."

ఫోన్ల రికార్డు మొదటికెల్లి పెట్టిండు. ముగ్గురూ చెవులొగ్గి ఇన్నరు. ఎంటికలున్నయి. పొడుగున్నది. గిన్నెలున్నయి.

ఆ మాట లేదు.

మల్లప్ప నవ్వు ఆగింది. రెండు చేతులు పైకి లేచి, ఆయన బట్టతలను గట్టిగ పట్టుకున్నయి.