మృతి కానివాళ్ళు

మధ్యాహ్నం దాకా కౌముది ముందుకు వచ్చిన నమోదుల్లో సగం వయసు గడి దగ్గరే బోల్తాపడ్డాయి. పుట్టకముందే పెళ్ళయినవాడొకడు, తండ్రికన్నా పెద్దదైన కూతురొకతె. నమోదు ఇలాగే ఉండాలని చెప్పే మూస ఒప్పుకోనిదాన్ని పక్కకు తోయడం, కారణం రాయడం, తర్వాతిదాన్ని పిలవడం. ఎగువ విశాఖ సరిచూపు కేంద్రంలో ఆమె ఉద్యోగం అంతే. ఇన్నేళ్ళకు వేలు దానంతటదే కదులుతోంది కానీ, మనసు ఎప్పుడో అరిగిపోయింది.

సముద్రం పాత ఊరిని మింగాక కొండెక్కిన మనుషులందరినీ ఒకే మూసలో పోశారు. మూసలో చెల్లిన ఇంటికి నీళ్ళొస్తాయి. ఇంట్లో ఒక్కరి నమోదు చెల్లకపోయినా కుళాయి మూగబోతుంది. స్థితి అనే గడికి రెండే విలువలు: జీవి, మృతి. జీవి అనాలంటే మనిషి యంత్రంలో ఊపిరి ఊది వేసే శ్వాసముద్ర నెలలోపు పడి ఉండాలి. మృతి అనాలంటే శవమైనా దొరకాలి, ఇంటివాళ్ళు ఒప్పుకోలైనా ఇవ్వాలి. ఏదీ లేనివాడు తిరస్కృతుల కుప్పలో పడి ఉంటాడు. అక్కడున్నవాణ్ణి ఏ యంత్రమూ చూడదు.

కిటికీ అవతల నిలబడ్డ నూకాలు చేతిలో ఖాళీ నీళ్ళ డబ్బా ఉంది. ఆమె భర్త ఎల్లాజీ సముద్రం మీద చేపల వేటకెళ్ళి ఇవాళ్టితో నెల నిండింది.

"సాయంత్రానికి మీ ఇంటికి నీళ్ళు ఆగిపోతాయమ్మా. ఒప్పుకోలు ఇచ్చేస్తే ఆగవు" అంది కౌముది. ఈ వాక్యం ఆమె నిద్రలో కూడా చెప్పగలదు.

"ఏటని ఒప్పుకోమంటారు?"

"ఆయన లేడని."

నూకాలు డబ్బా కింద పెట్టింది. "మా మావ కంచం ఇంకా బోర్లించనేదమ్మా. మనిషి పోయినాడని తెలిస్తేనే మావోళ్ళు కంచం బోర్లిస్తారు. అందాకా రోజూ కడిగి ఎల్లకిలా పెడతాం. నా సేత్తో మావని సంపీమంటే ఎలాగ?"

"పోనీ, బతికే ఉన్నాడంటావా?"

"అబద్ధమెందుకాడతాను? నాకు తెల్దు. తెల్దన్న మాట రాసుకోడానికి మీకాడ సోటు నేదా?"

లేదు. అంత పెద్ద మూసలో చెప్పు సైజుకు గడి ఉంది, దీనికి లేదు. కౌముది ఆమెను కూర్చోమని, పై అధికారి సన్యాసిరావు గదికి వెళ్ళింది.

ఆయన తలెత్తకుండానే విన్నాడు. "మూసను కదిపితే దాన్ని నమ్ముకున్న యంత్రాలన్నీ కదులుతాయి కౌముదిగారూ. ఒప్పుకోలు తీసుకోండి. నేనూ ఇచ్చినవాడినే కదా."

ఇచ్చాడు. తమ్ముడు రమణమూర్తి పడవ తుఫానులో తప్పిపోయిన నెలకే, ఇంట్లో పసిపిల్లలకు నీళ్ళు ఆగుతాయని ఇచ్చాడు. ఆ తర్వాత ఆ తమ్ముడి పేరు ఆయన నోట ఎవరూ వినలేదు.

కౌముది తిరిగొచ్చేసరికి నూకాలు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, వంటింట్లో కూర్చున్నంత నెమ్మదిగా కూర్చుని ఉంది. కౌముదికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. అలసిపోయినవాళ్ళకు కోపం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక మాత్రం ఊరికే పోదు. ఆమె తన తాళంతో మూస తెరిచింది. స్థితి గడిలో మూడో విలువ చేర్చింది: ఎదురుచూపు. ముద్రా, శవమూ, ఒప్పుకోలూ లేనివాళ్ళకు ఇది వర్తిస్తుందని నియమం రాసింది.

ఈ స్థితికి గడువెంత, అని మూస అడిగింది. ఆమె ఖాళీగా వదిలేసింది.

ఎల్లాజీ నమోదు చెల్లింది. "ఇంటికెళ్ళమ్మా, నీళ్ళు ఆగవు" అంది కౌముది. నూకాలు దండం పెట్టలేదు. "రాసినారా? తెల్దనే రాసినారా?" అని మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకుని వెళ్ళింది.

కౌముది లెక్కలోకి తీసుకోనిది ఆ తర్వాత జరిగింది. కొత్త నియమం అందగానే మూస తిరస్కృతుల కుప్పనంతా తనే మళ్ళీ సరిచూసుకుంది. ఏళ్ళ తరబడి పడి ఉన్న పేర్లు వేలకొద్దీ లేచి చెల్లుబాటయ్యాయి. కాసేపటికి కింద రేవులో ఇంజన్లు మోగాయి. మనుషుల్లేకుండా నడిచే గాలింపు పడవలు వరసగా సముద్రంలోకి బయల్దేరుతున్నాయి.

సన్యాసిరావు పరుగున వచ్చాడు. "పడవలకు ఎవరు చెప్పారు?"

కౌముది వాటి నియమం తెరిచి చూసింది. కనబడని మనిషి మృతి కాకపోతే వెతకాలి, అని ఉంది. జీవి అయితే వెతకాలని రాసి ఉండాల్సింది. రెండే విలువలున్నన్నాళ్ళూ ఎలా రాసినా ఒకటే కనుక, రాసినవాళ్ళకు తేడా తోచలేదు.

"ఇంతమందిని వెతుకుతూ పోతే ఇంధనం ఏమవుతుందండీ? కొండమీదికి నీళ్ళెక్కించే పంపులకూ అదే ఇంధనం. వారం తిరక్కుండా అందరి కుళాయిలూ ఆగుతాయి. ఆ ఒక్కావిడ కోసం!"

ఆ మాట నిజమే. కౌముదికి భయం వేసింది. అయినా చెయ్యి పాత మూస మీదికి పోలేదు. "మీ తాళమూ చెల్లుతుంది సార్. పాతది పెట్టేయండి. పడవలు వెంటనే వెనక్కి తిరుగుతాయి. నేను మాత్రం పెట్టలేను."

ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు పడవలనే చూశాడు. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కౌముది మూస మళ్ళీ పాతదవడం కోసం కాచుకుంది. అది మారలేదు. ఆమె వరసలోకి ఒక దిద్దుబాటు వచ్చింది.

పేరు: రమణమూర్తి. పాత స్థితి: మృతి. కోరిన స్థితి: ఎదురుచూపు. ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నవారు: అన్న.

ఆమె ప్రతి గడినీ సరిచూసింది. చెల్లుతుందని వేలు నొక్కింది. రేవులో మిగిలిన ఒక్క పాత పడవ, దగ్గినట్టు రెండుసార్లు మొరాయించి, మిగతావాటి వెనకే కదిలింది.