వెనక గదిలో తాపీ చప్పుడు

బడి వెనక కడుతున్న ఆ గదికి గోడలు పూర్తికాకముందే చెడ్డపేరు వచ్చేసింది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్లరు. వెళ్లినవాళ్లకి తాపీ చప్పుడు వినిపిస్తుంది… గీక్… గీక్… ఆగి ఆగి. మనిషి మాత్రం కనిపించడు.

ఎప్పుడో పని సగంలో పోయిన పాత మేస్త్రి ఒకడు ఆ గదిని పట్టుకున్నాడట. పని చేతకాకుండా గోడ ముట్టుకున్నవాళ్లని లోపల పెట్టి తలుపేస్తాడట. బడి పిల్లల దగ్గర్నుంచి కాపలాదారు వరకూ అందరూ నమ్మారు.

ఇంత ముచ్చటగా ఈ కథ పుట్టించిందెవరయ్యా అంటే — ఆ గది కడుతున్న మేస్త్రే.

ఆయన్ని తిట్టుకోవడానికి తొందరపడకండి. కారణం వింటే మీరైతే ఇంకో రెండు దెయ్యాల్ని కలిపి ఉండేవాళ్లు.

ఆ ఏడాది సముద్రాల అవతలి కాలేజీ నుంచి పన్నెండుమంది విద్యార్థులు ఆరు వారాలు సేవ చెయ్యడానికి ఆ బడికి వచ్చారు. సేవ కూడా వాళ్ల చదువులో ఒక పాఠమే. ఏ రోజు ఏం చేశారో డైరీలో రాసుకోవాలి, దానికి మార్కులుంటాయి. నాలుగు వారాలు చిన్నపిల్లలకి లెక్కలూ ఆటలూ నేర్పారు. చివరి రెండు వారాలు గోడ పని. స్తంభాలు, పైకప్పు ముందే అయిపోయాయి, మూడు గోడలు మేస్త్రి కట్టేశాడు. నాలుగో గోడ వాళ్లకి వదిలారు.

ఆ కాలేజీ పిల్లలు బంగారాలు. అరచేతులు బొబ్బలెక్కినా నవ్వుతూనే కట్టేవాళ్లు. వాళ్లలో ఒక పొడుగమ్మాయి ఈ భాషని రెండేళ్లు కాలేజీలోనే నేర్చుకుని వచ్చింది. ఒక్కో మాటా ఏరుకుని, పక్కపక్కన పెట్టినట్టు మాట్లాడేది. అందరికంటే ఎక్కువ ఇటుకలు మోసింది ఆమే.

కట్టిన గోడ సంగతి మాత్రం చెప్పకూడదు. నిండు భోజనం చేసిన మనిషి పొట్టలా ముందుకొచ్చి ఉండేది.

మొదటి రోజే పెద్ద టీచర్ మేస్త్రిని పక్కకి పిలిచింది.

"గోడ బాగాలేదని వాళ్ల ముందు అనకు మేస్త్రీ. మనసు చిన్నబుచ్చుకుంటే వచ్చే ఏడు రారు. రాకపోతే మనకి రెండో గది లేదు."

"ఆ గోడ బడి పిల్లల నెత్తిన పడితేనో అమ్మా?"

పెద్ద టీచర్ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "అది నువ్వు చూసుకో" అంది.

చూసుకున్నాడు. ఆ గదిలో కూర్చోబోయే ఒకటో తరగతిలో ఆయన మనవరాలుంది మరి. సాయంత్రం పేర్చిన ఇటుకలు రాత్రికి ఇంకా పచ్చిమీదే ఉంటాయి, కాస్త కదిపితే ఊడొస్తాయి. రోజూ రాత్రి వెళ్లి, పిల్లలు కట్టింది దించి, దారం లాగి, వంకర చూసే ఇనుపగుండు వేలాడదీసి, నిటారుగా మళ్లీ కట్టి తెల్లారేలోపు ఇల్లు చేరేవాడు. పొద్దున్నే పిల్లలు ఆ గోడ చూసుకుని మురిసిపోయేవాళ్లు. ఫొటోలు కూడా తీసుకునేవాళ్లు.

వాళ్లు బస చేసేది ఆ గదికి ఇరవై అడుగుల దూరంలోనే. రాత్రి ఎవరూ బయటికి రాకుండా ఉండాలి కదా… అందుకని దెయ్యం.

దెయ్యం పది రోజులు ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. ఆ తర్వాతే వచ్చింది చిక్కు. ఒకరాత్రి మేస్త్రి వెళ్లేసరికి — గోడ అప్పటికే దించేసి ఉంది. ఇటుకలు గీకి, శుభ్రంగా ఒక పక్కన పేర్చి ఉన్నాయి. మర్నాడు రాత్రీ అంతే. రెండుసార్లూ భయపడుతూనే తిన్నగా కట్టి వచ్చాడు.

ఆయన ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు, దుప్పటి మెడదాకా లాక్కుని.

"లేనిదాన్ని ఉందని అందరికీ చెప్పావు" అందావిడ, పక్కకి తిరక్కుండానే. "విని వచ్చిందేమో."

"ఊరుకోవే."

"నేను ఊరుకుంటానయ్యా. అది ఊరుకోవాలిగా."

మూడో రాత్రి తేల్చుకుందామని పెందలాడే బయల్దేరాడు. ఆ రోజే పిల్లలు గోడ ముగించారు. సామాను మొయ్యడానికి గోడ మధ్యలో వదిలిన మనిషి పట్టేంత సందుని కూడా ఇటుకలతో మూసేశారు. పైన దూలం కింద జానెడు ఖాళీ మిగిలింది, అంతే. మర్నాడు పొద్దున గది తెరుస్తారు. ఎల్లుండి పిల్లలు వెళ్లిపోతారు. సరిచెయ్యడానికి ఉన్నది ఈ ఒక్క రాత్రే, ఆ సందు చూస్తే పైనుంచి కిందదాకా పొట్టే.

పక్కగోడకున్న రేకు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. తలుపు దగ్గరగా వేసి, మూల సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. ఎవరొచ్చి గోడ దించుతారో లోపల్నుంచే చూద్దామని.

చీకటి. పచ్చి సిమెంటు వాసన. అవతల పిల్లల బసలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

అప్పుడు… రేకు తలుపు అవతల చప్పుడైంది.

గలగల… గల.

గొలుసు. ఇనుప గొలుసు కొక్కెంలోంచి లాగిన చప్పుడు. తర్వాత టక్కున తాళం పడింది.

మేస్త్రి లేచి మెల్లగా తలుపు తోశాడు. రాలేదు. సందులోంచి రెండు వేళ్లు దూర్చి చూశాడు. గొలుసే… మంచులా చల్లగా ఉంది.

కాపలాదారే ఎక్కడిదో గొలుసు తెచ్చి వేసుంటాడు, అనుకున్నాడు. దెయ్యానికి భయపడి, లోపల ఎవరున్నారో కూడా చూడకుండా తాళమేసి పారిపోయుంటాడు. భయపెట్టింది ఎవరు? తనే.

కిటికీకి ఊచలు. అవి ఎంత గట్టివో ఆయనకి తెలుసు, బిగించింది ఆయనే. మూడు గోడలు ఎంత నిటారుగా ఉన్నాయో కూడా తెలుసు. బతుకంతా గట్టిగా కట్టాలని కట్టినవాడు, ఇప్పుడు ఏదో ఒకటి వదులుగా ఉంటే బాగుండునని నాలుగు మూలలా తడుముకున్నాడు.

అరవడానికి లేదు. అరిస్తే కాపలాదారు వస్తాడు, వెనకే పెద్ద టీచర్ వస్తుంది, పన్నెండుమంది పిల్లలూ దీపాలు పట్టుకుని వస్తారు. అర్ధరాత్రి ఇక్కడేం చేస్తున్నావని అడుగుతారు. ఏం చెప్పాలి? మీరు కట్టినదాంట్లో ఒక్క ఇటుక కూడా మిగల్లేదు నాయనా, అనా?

మళ్లీ బస్తా మీద కూలబడ్డాడు. ఇలా గదిలో ఇరుక్కోవడం ఆయనకి మొదటిసారి కాదు. పని నేర్చుకునే వయసులో గురువు తనని ఇలాగే లోపల పెట్టి గొలుసేసేవాడు. గోడ నిటారుగా వచ్చాకే తీసేవాడు. ఆ గురువు పోయి ముప్పై ఏళ్లు దాటింది. దెయ్యం కథ అల్లేటప్పుడు మేస్త్రి ఆ గురువు అలవాటే వాడుకున్నాడు, చనువు కొద్దీ. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందా అని తన్ను తానే తిట్టుకున్నాడు.

గీక్…

మేస్త్రి తల పైకెత్తాడు.

గీక్… గీక్…

పిల్లలు మూసిన సందు అవతల్నుంచి. పై వరసలో ఒక ఇటుక కదిలింది. మెల్లగా… బయటికి జరిగి… మాయమైంది. అక్కడ ఒక నక్షత్రం కనిపించింది. ఇంకో ఇటుక. ఇంకోటి. తర్వాత ఆ సందులోకి ఒక చెయ్యి వచ్చింది. పొడుగ్గా, సన్నగా, మోచేతిదాకా తెల్లగా సిమెంటు పట్టి…

మేస్త్రి చేతిలో తాపీ జారి నేలమీద ఖంగుమంది.

చెయ్యి ఆగిపోయింది. అవతల ఊపిరి కూడా ఆగినట్టుంది.

చాలాసేపటికి ఒక గుసగుస.

"పాత మేస్త్రి గారూ… మీరేనా?"

ఒక్కో మాటా ఏరుకుని, పక్కపక్కన పెట్టినట్టు. అప్పుడు గుర్తుపట్టాడు. ప్రాణం లేచొచ్చింది.

"పాత మేస్త్రి కాదమ్మాయీ. నేనే… మీ మేస్త్రిని. బతికే ఉన్నాను. మెల్లగా మాట్లాడు."

"మీరు లోపల ఏం చేస్తున్నారు?"

"నువ్వు బయట ఏం చేస్తున్నావు?"

ముందు పొడుగమ్మాయే చెప్పింది.

"మొన్న ఒక కర్ర నిలబెట్టి చూశాను. మేము కట్టింది వంకర. సిగ్గేసింది. రాత్రే దించేసి, మా వాళ్లు లేచేలోపు తెల్లవారుజామున మళ్లీ కడదామనుకున్నాను. కానీ వచ్చేసరికి కట్టి ఉంది, తిన్నగా. రెండు రోజులూ అంతే. పాత మేస్త్రి గారి దెయ్యం కడుతోందనుకున్నాను."

"అనుకుని మళ్లీ వచ్చావా? భయం లేదూ?"

"చాలా ఉంది. కానీ అడుగుదామని వచ్చాను."

"ఏమని?"

"నాకు నేర్పమని."

మేస్త్రి నేలమీది తాపీ తీసుకున్నాడు. ఇన్ని రాత్రులు గోడని కాపాడాడు గానీ, ఒక్క పగలైనా ఈ పిల్లల చేతికి దారం ఇచ్చింది లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇక దాచబుద్ధి కాలేదు.

"నేనే కడుతున్నాను తల్లీ. రోజూ."

"మొదటి రోజు నుంచా?"

"మొదటి రోజు నుంచీ."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "డైరీలో… గోడ కట్టాను అని రాశాను. పది రోజులు రాశాను."

ఆయన సందు దగ్గరికి వచ్చాడు. "ముందు ఆ తలుపు తియ్యి తల్లీ" అన్నాడు.

అడుగులు అటు వెళ్లాయి. గొలుసు గలగలలాడింది, చాలాసేపు, పంతం పట్టి లాగుతున్నట్టు. "తాళం ఉంది. రావడం లేదు. కాపలా ఆయన్ని పిలవనా?"

"వద్దొద్దు. అందరూ లేస్తారు. ఇటు రా. ఈ సందు దించేద్దాం. గట్టిపడితే నేనిక్కడే ఉండిపోతాను."

ఆమె బయట్నుంచీ ఆయన లోపల్నుంచీ దించారు. కింది వరసలు అప్పటికే బిగుసుకుంటున్నాయి. గోళ్లు విరిగాయి. ఇద్దరి ఊపిరీ తప్ప చప్పుడు లేదు. గోడ మోకాలెత్తుకి దిగాక ఆయన ఆమె భుజం పట్టుకుని అవతలికి దాటాడు, దాటి గాలి గట్టిగా పీల్చుకున్నాడు.

తెల్లారడానికి ఇంకా టైముంది. మేస్త్రి తాపీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను కట్టను. నువ్వు కట్టు."

"వంకరపోతుంది."

"పోతే దించుతావు. దించడం వచ్చుగా నీకు."

నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. ఆయన దారం ఎలా లాగాలో చూపించాడు. గుండు ఊగడం ఆగేదాకా ఇటుక ముట్టుకోవద్దన్నాడు. సిమెంటు మాలు ఎంత వెయ్యాలో, ఇటుకని ఎక్కడ తట్టాలో చెప్పాడు. మూడు వరసలు రెండుసార్లు దించించాడు, తన గురువంత కర్కశంగా. నాలుగో వరస నుంచి గుండు గోడని రాసీ రాయనట్టు నిలబడింది. చివరి ఇటుక దూలం కింద దూరేసరికి తూర్పున వెలుగు వచ్చింది.

"ఇవాళ డైరీలో రాయి" అన్నాడు మేస్త్రి. "ఒక సందు కట్టానని. అది నువ్వు కట్టిందే."

పొద్దున్నే అందరూ గది దగ్గర చేరారు. పొడుగమ్మాయి తన జట్టు ముందు, పెద్ద టీచర్ ముందు, ఉన్నదున్నట్టు చెప్పేసింది. వచ్చే ఏడు వచ్చేవాళ్లు ముందు మేస్త్రి గారి దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాతే ఇటుక ముట్టుకోవాలని కాలేజీకి రాస్తానంది. జట్టువాళ్ల మొహాలు వాడిపోయాయి గానీ, ఎవరూ కాదనలేదు. పెద్ద టీచర్ మేస్త్రి వంక ఒకసారి చూసి, మాట మార్చింది.

"సరే గానీ, ఈ తలుపు సంగతేంటి? రాత్రంతా బార్లా తెరిచి ఉంది. గొలుసూ తాళం కొనమని పది రోజుల్నుంచి చెప్తున్నాను. ఎవరికీ పట్టదే."

మేస్త్రి తలుపు వైపు చూశాడు. రేకు తలుపు గాలికి ఊగుతోంది. గొలుసు లేదు. గొలుసు వెయ్యడానికి కొక్కెం కూడా లేదు.

"నువ్వు… రాత్రి ఇటొచ్చావు కదా?" అన్నాడు కాపలాదారుతో.

"నేనా? నీ కథ విన్న దగ్గర్నుంచీ చీకటి పడితే ఇటు మొహం కూడా పెట్టట్లేదు."

మేస్త్రి మెల్లగా పొడుగమ్మాయి వైపు తిరిగాడు. ఆమె తన కుడి అరచెయ్యి చూసుకుంటోంది. దాన్ని ఆయన వైపు చాపింది.

అరచేతికి అడ్డంగా తుప్పు మరకలు. లంకె పక్కన లంకె… గొలుసు అచ్చులు, ఎర్రగా.

"మేస్త్రి గారూ" అంది గుసగుసగా. "వేసింది ఎవరు? తీసింది ఎవరు?"

మేస్త్రి తెల్లారుజామున ఆమె కట్టిన గోడ వైపు చూశాడు. నిటారుగా ఉంది.

"పని వచ్చాక…" అన్నాడు. "పని వచ్చాక తీసేవాడమ్మా."