దొంగెవరో చెప్పేసిన చిటపట

"తర్వాత? తర్వాత ఏమైంది?"

లైబ్రరీ గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. నత్త తన కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"తర్వాతది వచ్చే గురువారం," అంది నిదానంగా.

"అబ్బా!" అని అందరూ మూలిగారు. ఒక్క చిటపట మాత్రం మూలగలేదు. కడుపులో భగ్గున మండుతుంటే మూలుగెక్కడ వస్తుంది?

నత్త అసలు పేరు నత్త కాదులెండి. తినడం నెమ్మది, మెట్లెక్కడం నెమ్మది, చివరికి తుమ్మినా నెమ్మదే. అందుకే క్లాసంతా అలా పిలుస్తారు. చిటపట దానికి పూర్తిగా వ్యతిరేకం. నోరు తెరిస్తే పేలాలు వేయించినట్టే. "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని వాళ్ల నానమ్మ రోజుకోసారైనా అంటుంది. అయినా ఇద్దరూ ఒకటో తరగతి నుంచీ ప్రాణ స్నేహితులు.

గొడవంతా ఈ నవలలతో మొదలైంది. లైబ్రరీ మేడమ్ ఈ ఏడాది పిల్లలకు నవల రాయడం నేర్పుతున్నారు. రాసిన అధ్యాయాన్ని గురువారం పీరియడ్‌లో చదవాలి. అందరికీ బాగా నచ్చిన నవలను మేడమ్ కుట్టి, అట్ట వేసి, వెనక నంబరు అంటించి బీరువాలో అసలు పుస్తకాల మధ్య పెడతారు. ఆ బీరువాలో తన పుస్తకం ఉండాలని చిటపట ఆశ.

అందుకే అందరికంటే ముందు తనే చదివింది. మొదటి అధ్యాయంలోనే ఆమె హీరో సముద్రం దాటాడు, దొంగల ముఠాను చితక్కొట్టాడు, నిధి తవ్వాడు, రాజు కూడా అయిపోయాడు. అంతా విని వెనక బెంచీ కళ్లద్దాల అబ్బాయి లేచాడు.

"మరి రెండో అధ్యాయంలో వీడికేం పని?"

అందరూ పకపకా నవ్వారు.

"ఇంటికొచ్చిన చుట్టాలకి గుమ్మంలోనే అన్ని గదులూ చూపించేశావమ్మా," అన్నారు మేడమ్. "ఏ తలుపు ఎప్పుడు తియ్యాలో చూసుకో. నవల కట్టడమంటే అదే."

చిటపటకు ఆ మాట సరిగ్గా అర్థం కాలేదు. నత్తకు చప్పట్లు ఎక్కువ పడుతున్నాయన్న సంగతి మాత్రం చాలా బాగా అర్థమైంది.

ఇంతకీ నత్త కథలో ఏముందని? ఒక అపార్ట్‌మెంట్. గుమ్మాల ముందు చెప్పులు మాయమవుతుంటాయి. జత కాదు, ఒక్కటే! పై అంతస్తు పాప తన తాతయ్యను వెంటబెట్టుకుని దొంగ కోసం వెతుకుతుంది. అంతే. దానికే క్లాసంతా గురువారం కోసం కాచుకుని కూర్చుంటోంది.

ఆ దొంగెవరో చిటపటకు తెలుసు. రాయడం మొదలుపెట్టకముందే నత్త ఆమె చెవిలో చెప్పింది, "నీకొక్కదానికే చెబుతున్నా" అని. దొంగ ఆ తాతయ్యే. ఒకప్పుడు ఆయనకు చెప్పులు బాగుచేసే దుకాణం ఉండేది. ఇప్పుడు మతిమరుపు. తెగిన చెప్పు కనిపిస్తే బాగుచేద్దామని తెస్తాడు, ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు.

మర్నాడు ఇంటర్వెల్‌లో నీళ్ల కుళాయిల దగ్గర అదే చర్చ.

"వాచ్‌మనే దొంగ!"

"కాదు, కుక్క!"

"ఎవరైతేనేం, నత్త భలే రాస్తోంది కదూ!" అంది పొడుగు జడ పిల్ల. "బీరువాలోకి వెళ్లేది దాని నవలే చూడండి."

చిటపట ఇక ఆగలేకపోయింది.

"ఆ, పెద్ద గొప్ప! దొంగ ఆ పాప వాళ్ల తాతే. మతిమరుపు తాత. బాగుచేద్దామని చెప్పులు తీసుకుపోతాడు. అంతే కథ!"

అందరి మొహాలూ వాడిపోయాయి.

"ఛ! చెప్పేశావేంటే!" అన్నాడు కళ్లద్దాల అబ్బాయి.

చివరి కుళాయి దగ్గర నత్త నిలబడి ఉంది. ఆమె సీసా నిండి పొంగిపోతోంది. కుళాయి కట్టకుండా చిటపట వైపే చూసింది. తిట్టినా బాగుండేదని చిటపటకు అనిపించింది.

గురువారం వచ్చింది.

"నేను చదవను మేడమ్," అంది నత్త. "చివర్లో ఏమవుతుందో అందరికీ తెలిసిపోయింది. ఇంక రాయను కూడా."

ఎవరు చెప్పారని మేడమ్ అడిగినా నత్త చిటపట పేరు బయటపెట్టలేదు.

ఇప్పుడు చిటపటకు పోటీ లేదు. ఎగిరి గంతేయాలి. కానీ మధ్యాహ్నం నత్త వేరే బెంచీలో కూర్చుని డబ్బా తెరిచేసరికి చిటపట తన డబ్బాకు మూత పెట్టేసింది. తన పక్క చోటు ఖాళీగా ఉంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నానమ్మ టీవీ ముందు కూర్చుని అరుస్తోంది.

"ఒసేయ్ పిచ్చిదానా, ఆ గదిలోకి వెళ్లకే! వాడు తలుపు చాటునే ఉన్నాడే!"

"నానమ్మా, ఈ సినిమా నీకు కంఠతా వచ్చు కదా! ఏమవుతుందో తెలిసి కూడా ఎందుకలా అరుస్తావు?"

"నాకు తెలుసే," అంది నానమ్మ టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "పాపం, దానికి తెలీదు కదే!"

చిటపట భుజాన బ్యాగుతో అలాగే నిలబడిపోయింది.

నత్త కథలో పాప తన తాతయ్య చేతికి టార్చి ఇచ్చి, "నువ్వు మెట్ల దగ్గర కాపలా ఉండు తాతయ్యా" అంటుంది. ఆ ముక్క చదివినప్పుడు మిగతా పిల్లలు మామూలుగానే కూర్చున్నారు. చిటపట గుండె మాత్రం దడదడలాడింది. అయ్యో, ఆయనకే ఇస్తోందే అని! అంతా ముందే తెలిసిన తనకే అందరికంటే ఎక్కువ కంగారు. అంటే నత్త కథ బాగుంది. చాలా బాగుంది. ఆ సంగతి ఒప్పుకోవడం చిటపటకు చేదుమందు మింగినంత కష్టమైంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి నత్త బెంచీ దగ్గర నిలబడింది.

"నీకు చప్పట్లు కొడుతుంటే కుళ్లుకున్నానే. అందుకే చెప్పేశాను. తప్పు నాదే."

"తెలుసు," అంది నత్త. కిటికీలోంచి బయటికి చూస్తూ, "నిన్ను నమ్మి చెప్పాను," అంది.

చిటపట కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వెళ్లిపోలేదు. ఒక్కో మాటా వెతుక్కుంటూ టార్చి సంగతీ నానమ్మ సంగతీ చెప్పింది.

"తాతయ్యే దొంగని నువ్వే మొదట్లో చెప్పెయ్. మాకు తెలుస్తుంది, పాపకి తెలీదు. తనకెప్పుడు తెలుస్తుందా, తెలిస్తే ఏం చేస్తుందా అని మేం భయపడుతూ వింటాం. ఆ తలుపు మాత్రం చివరిదాకా తియ్యకు."

"ఆలోచిస్తాను," అంది నత్త. ఆలోచించడంలోనూ నత్త నత్తే. ఒక గురువారం అలాగే గడిచిపోయింది.

ఆ పై గురువారం లేచి, "మళ్లీ మొదటినుంచి చదువుతాను," అంది.

ఈసారి కథ తాతయ్యతో మొదలైంది. తెగిన చెప్పు ఒళ్లో పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కించలేక ఆయన అవస్థ పడుతున్నాడు. వెనక బెంచీల వాళ్లు కూడా ముందుకు వంగి వింటున్నారు. టార్చి దగ్గరికి వచ్చేసరికి కళ్లద్దాల అబ్బాయి, "ఆయనకివ్వకు పాపా!" అని కేక పెట్టాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. చిటపట కడుపులో మంట పూర్తిగా చల్లారలేదు, అబద్ధమెందుకు? అయినా చేతులు ఎర్రబడేలా కొట్టింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తన హీరోను సింహాసనం మీంచి దించి, తిరిగి సముద్రం ఇవతలి ఒడ్డున నిలబెట్టింది. వాడికి పడవ కూడా ఇవ్వలేదు.

మర్నాడు మెట్లు దిగుతుంటే నత్త పక్కన చేరింది.

"చివరికి పాప ఏం చేస్తుందంటే..." అని చెవిలో చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని అనలేదు.

చిటపట మెట్టు మీదే ఆగిపోయింది. అంత బాగుంది ఆ ముగింపు!

ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర పిల్లలు చిటపటను చుట్టుముట్టారు.

"నీకు చెప్పే ఉంటుంది! పాప తాతయ్యని తిడుతుందా? అందరికీ చెప్పేస్తుందా? చెప్పవే, ప్లీజ్!"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. లైను చివర సీసా పట్టుకుని నత్త ఇటే చూస్తోంది.

చిటపట గబుక్కున కుళాయి కింద నోరు పెట్టి బుగ్గల నిండా నీళ్లు పట్టింది. మింగలేదు, ఉమ్మలేదు. ఉబ్బిన బుగ్గలతో తల అడ్డంగా ఊపుతూ, బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడింది.