ముంచిన ఓడలో చెవి

"దేచాది ప్రమాదం కాదు. హత్యే," అన్నాడు కమాండర్ వినాయ్.

ఏజెంట్ థావిన్ పళ్ళు కొరికాడు. తోటి ఏజెంటు దేచా పోయినప్పటినుంచీ, నెల రోజులుగా తను మొత్తుకుంటున్నదీ అదే.

"చేపలు చేరాలని చుంఫోన్ దగ్గర మనం ముంచిన పాత యుద్ధనౌక ఉంది కదా. నలభై రెండు మీటర్ల లోతు. దాని ఇంజిన్ గదిలో విదేశీ ముఠా 'చెవి' పెట్టింది, నీళ్ళలో చప్పుళ్ళు పట్టే యంత్రం. పదింటికి మన కొత్త సబ్‌మెరైన్ అటుగా వెళ్తుంది. దాని చప్పుడు ఒక్కసారి రికార్డయిందంటే ఏ సముద్రంలో దాక్కున్నా పట్టేస్తారు."

"ఆపొచ్చు కదా సార్?"

"బయల్దేరాక అది రేడియో ముట్టుకోదు. దేచా ఆ చెవి కోసమే దిగి, నీళ్ళలో మూర్ఛొచ్చి పోయాడు. వాణ్ణి తీసుకెళ్ళిన నఫాయే నిన్నూ తీసుకెళ్తుంది."

డైవింగ్ షాపు నడిపే నఫా డిపార్ట్‌మెంటుకు రహస్య సహాయకురాలు. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. దేచాకూ థావిన్‌కూ డైవింగ్ నేర్పిన గురువు కూడా.

పూల చొక్కా వేసుకుని టూరిస్టు వేషంలో థావిన్ ఆమె పడవెక్కాడు. ఓడ మునిగిన చోట లంగరు పడింది. నఫా సిలిండర్ అందించింది.

"మామూలు గాలే నింపాను తమ్ముడూ. తొందరగా వేసుకో."

ఎవరి సిలిండర్ వాళ్ళే పరీక్షించుకోవాలన్నది ఆవిడ నేర్పిన మొదటి పాఠం. కానీ పెద్దవాళ్ళ చేతి వస్తువును వాళ్ళ ఎదుటే పరీక్షించడమంటే తమ దేశంలో మొహం మీద కొట్టినట్టే. థావిన్ చెయ్యి కూడా వెనకాడింది. అప్పుడు అర్థమైంది. దేచా చేతులు జోడించి, మారు మాట్లాడకుండా తగిలించుకుని ఉంటాడు. ఆ మర్యాదే పిచ్చివాడి ప్రాణం తీసింది. థావిన్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఆక్సిజన్ కొలిచే మీటరు తీసి సిలిండర్‌కు పెట్టాడు.

"నన్నే అనుమానిస్తున్నావా?" నఫా గొంతు మారింది.

ఆక్సిజన్ నలభై శాతం, మామూలు గాలికి దాదాపు రెట్టింపు. పైపైన తిరిగితే హాయి. అంత లోతుకు దిగితే మూర్ఛ, చావు.

"ఇది నువ్వేసుకో అక్కా. కలిసి దిగుదాం."

నఫా మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఒక్క అడుగు వెనక్కి వేసింది. అది చాలు. థావిన్ ఆమె చేతికి బేడీ వేసి పడవ కమ్మీకి తగిలించాడు. ఆమె కోసం ఉంచుకున్న సిలిండర్‌ను పరీక్షించి, అది మామూలు గాలేనని తేల్చుకుని నీళ్ళలోకి దూకాడు.

ఇంజిన్ గది నిండా చేపలు. తుప్పు పట్టిన గొట్టం వెనక ఎర్రలైటు వెలుగుతోంది. దూరంగా మొదలైన సబ్‌మెరైన్ రొద ఓడ గోడల్ని తాకుతోంది. రికార్డింగ్ మొదలుపెట్టడానికి ఎర్రలైటు పచ్చబడబోతూ మిణుకుమంది. అదే క్షణంలో థావిన్ కత్తి వైరును తెంపేసింది. సబ్‌మెరైన్ గుట్టు దక్కించుకుని దాటిపోయింది.

మనిషికి కోపంగా ఉందని సముద్రం తొందరగా పైకి రానివ్వదు; ఒంట్లో చేరిన గాలి దిగేదాకా మధ్యలో ఆగాల్సిందే. తాడు పట్టుకుని వేలాడుతూ, దేచాను తలుచుకుని మాస్కులోనే ఏడ్చాడు.

పడవెక్కాక రేడియో తీశాడు.

"నఫా ఏమంటోంది?" అడిగాడు కమాండర్.

"నాకు మర్యాద తెలీదంటోంది సార్."

"నువ్వేమన్నావు?"

"మర్యాద తెలిసినవాణ్ణి పోయిన నెలే నీ దగ్గరికి పంపించాం కదక్కా, అన్నాను."