మత్‌యాకూబ్ కొరకని రొట్టె

నమ్మలేని వాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళండి. నేనేమీ అనుకోను. ఎడారి తోడేలును తోక పట్టుకుని ఏడు దిబ్బలు దాటించిన వాణ్ణి, నలుగురు నవ్వితే నోరు మూసుకునే రకం కాదు. ఈ కథలో ఒక్క మాట అబద్ధమని తేల్చండి, ఈ గడ్డం మీ చేతే గొరిగించుకుంటాను.

మా కాలవకు చివరి ఇల్లు మత్‌యాకూబ్‌ది. అతనికి పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. ఒంటె తన్నితే ఊడింది. తన్నిన ఒంటెను రెండు చేతులా ఎత్తి కాలవలో పడేశానని అతనంటాడు. అది నిజమే, నేను గట్టున నిలబడి చూశాను.

ఒక వేసవిలో అతని చూడి ఒంటె ఎడారిలోకి తప్పిపోయింది. వెతకడానికి బావమరిది రజబ్‌బాయ్ మోటారు సైకిలు తెచ్చాడు. మత్‌యాకూబ్ ఎక్కబోతుంటే భార్య ఒగుల్‌జాన్ వేడి రొట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"కొరుకు."

"ఒంటెను తోలుకురావడానికి కూడానా? పొద్దు వాలకముందే వస్తానే పిచ్చిదానా!"

"ఎడారిలోకి వెళ్ళేవాడివి. మాటలాపి కొరుకు."

అతను ఒక అంచు కొరికాడు. మిగతా రొట్టెను ఆమె పొయ్యి పక్కన మేకుకు తగిలించింది. వెళ్ళినవాడు తిరిగొచ్చి ఆ మిగిలింది తినాలి. అంతవరకు దాన్ని ఎవరూ ముట్టరు. ఆకలితో ఏడ్చే పసివాడికి కూడా తుంచి పెట్టరు. దానిమీద చెయ్యి వేయడమంటే, దారిలో ఉన్నవాడు ఇక రాకూడదని కోరుకోవడమే. కొరికిన చోట నడుమ చిన్న గట్టులా రొట్టె మిగిలింది, లేని పన్ను గుర్తుగా. ఒగుల్‌జాన్ దాన్ని చూసి నవ్వింది.

"వెయ్యి రొట్టెల్లో కలిపినా నీది పోల్చుకుంటాను."

దారికని ఆమె కట్టిన మూటను మాత్రం అతను వెనక్కి విసిరేశాడు. "మూడు రోజులు గాలి తిని బతికినవాణ్ణి నేను! కావాలంటే మీ తమ్ముడికి కట్టు, లేత ప్రాణం."

రజబ్‌బాయ్‌కి పౌరుషం వచ్చింది. "నాకూ అక్కర్లేదులే అక్కా," అన్నాడు. అలా ఇద్దరూ ఖాళీ కడుపులతో బయలుదేరారు.

ఒంటె అడుగులు సారిక్-కల దాకా వెళ్ళాయి. ఎప్పుడో మనుషులు వదిలేసి వెళ్ళిన మట్టి నగరం అది. కరిగిన కొవ్వొత్తుల్లా బురుజులు, సగం దాకా ఇసుక నిండిన గదులు, కాలు వేస్తే చాలు కిందినుంచి కటకటమనే కుండ పెంకులు. అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండలో గోడలు మాడిన జున్ను వాసన వేస్తున్నాయి.

అప్పుడు గాలి లేచింది. గాలంటే మీ ఊళ్ళో గాలి కాదు. లారీని టీ గిన్నెలా బోర్లించే గాలి. ఎర్రటి దుమ్ము గోడలా వచ్చి సూర్యుణ్ణి మింగేసింది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడని చీకటి... పట్టపగలు.

రజబ్‌బాయ్ కోట వాకిలి కమాను కింద మోటారు సైకిలును ఆనుకుని కూర్చున్నాడు. "ఇక్కడే ఉందాం బావా. లోపలికొద్దు."

"లోపల ఏముంటుంది? బల్లులు. నువ్వు వాటికి భయపడు," అన్నాడు మత్‌యాకూబ్. లోపలెక్కడో ఒంటె మెడ గంట మోగింది. అతను గోడ తడుముకుంటూ ఆ చప్పుడు వెంట వెళ్ళాడు.

ఒక సందు. ఇంకో సందు. వెనక గాలి హోరు తగ్గుతూ వచ్చింది. గంట ఆగిపోయింది. దాని బదులు ఒక వాసన... అప్పుడే తందూరులోంచి తీసిన రొట్టె వాసన. నువ్వుల వాసన. నోట్లో నీళ్ళూరాయి.

తడుముతున్న చేతికి గోడలో దిగ్గొట్టిన చెక్క మేకు తగిలింది. మేకుకు ఏదో వేలాడుతోంది. గుండ్రంగా. మెత్తగా. వెచ్చగా.

అంచు చుట్టూ వేళ్ళు పోనిచ్చాడు. ఒకచోట కొరికి ఉంది. నున్నటి నిండు కాటు, నడుమ గట్టు లేదు.

అది ఏమిటో అతనికి తెలుసు. మా దేశంలో నడక రాని పిల్లకి కూడా తెలుసు. చెయ్యి వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఎవరు చూస్తారు? ఇక్కడెవరున్నారు? చిన్న తునక తుంచాడు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత తుంచడం మానేసి రెండు చేతులా పట్టుకుని కుక్కుకున్నాడు. వాకిట్లో ఆకలితో కూర్చున్న రజబ్‌బాయ్ మధ్యలో ఒకసారి గుర్తొచ్చాడు. అయినా నమలడం ఆపలేదు. ఆఖరి ముక్క గొంతు దిగుతుండగా...

"వచ్చావా?"

ఆడ గొంతు. చాలా అలసిన గొంతు. పక్క గదిలోంచి.

పారిపోవచ్చు. కాదని చెప్పవచ్చు. కానీ కడుపులో వాళ్ళ రొట్టె ఉంది. ఏ మొహంతో కాదంటాడు?

"...వచ్చాను," అన్నాడు.

ఇసుక మీద అడుగులు. దగ్గరికి... ఇంకా దగ్గరికి.

"చేతులు కడుక్కో నాయనా."

చేతుల మీద సన్నగా ధార పడింది. తడి లేదు. వెచ్చటి ఇసుక... వేళ్ళ సందుల్లోంచి జారుతోంది... ఆగడం లేదు. తర్వాత ఒక వేలు అతని నుదురు తాకింది. కనుబొమ్మలు తడిమింది. ముక్కు. పెదవులు. పెదవుల మధ్యకు వచ్చింది. పళ్ళ వెంట ఒక్కొక్కటే జరిగింది. లేని పన్ను దగ్గర ఆగింది.

చాలాసేపు అక్కడే ఉంది.

"నువ్వు కాదు..."

అతను గోడ వెంట వెనక్కి జరిగాడు.

"వాడొస్తే... ఇప్పుడు ఏం పెట్టను?"

మత్‌యాకూబ్ ఎలా బయటపడ్డాడో అతనికే తెలియదు. రెండు గోడలు గుద్దుకుని, మోకాళ్ళు చీరుకుని కమాను కిందికొచ్చి పడ్డాడు. రజబ్‌బాయ్ పట్టుకుని లేపాడు.

"ఒంటె దొరికిందా బావా?"

"లేదు."

"మంచి రొట్టె వాసనొచ్చింది. నీకూ వచ్చిందా?"

"ఆకలికి అలాగే అనిపిస్తుంది. లేత ప్రాణానివి."

రజబ్‌బాయ్ కళ్ళు బావ గడ్డం మీద ఆగాయి. గడ్డంలో నువ్వులు. మత్‌యాకూబ్ చేత్తో దులుపుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గాలి తగ్గాక ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. దొడ్లో చూడి ఒంటె కట్టేసి ఉంది. మత్‌యాకూబ్ దగ్గరికెళ్తే పళ్ళు బయటపెట్టి బుసకొట్టి వెనక్కి తగ్గింది. ఒగుల్‌జాన్ తందూరు ఊడుస్తూ తలెత్తింది.

"అప్పుడే తిరిగొచ్చావే! దాన్ని తోలుకొచ్చి కట్టేసి, 'రజబ్ ఎడారిలో ఉండిపోయాడు, తెస్తాను' అని మళ్ళీ వెళ్ళావుగా?"

అతను ఇంట్లోకి పరుగెత్తాడు. "నా రొట్టె ఏది?"

"నువ్వే తిన్నావు కదయ్యా! గాలి హోరులో తలుపు తట్టావు. వచ్చావా అంటే వచ్చానన్నావు. చేతులకు నీళ్ళు పోశాను, ఎంత పోసినా ఇసుకే కారింది. నిలబడే మొత్తం తిన్నావు, ఎన్నాళ్ళ ఆకలో అన్నట్టు."

"మొహం... చూశావా?"

"కళ్ళ దాకా గుడ్డ చుట్టుకుని, గోడ వైపు తిరిగి తిన్నావు." ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది. "ఏం? నువ్వు కాదా?"

కాదంటే చాలు. కానీ కాదంటే ఎవరని అడుగుతుంది. ఎందుకొచ్చాడని అడుగుతుంది. గుమ్మంలో రజబ్‌బాయ్ అతని గడ్డం వైపే చూస్తున్నాడు.

"నేనే," అన్నాడు మత్‌యాకూబ్. "నేను కాక ఇంకెవరు?"

"మరేం. వెళ్తూ కొత్త రొట్టె అడిగి మరీ కొరికి ఇచ్చావు. జాగ్రత్తగా తగిలించు, తప్పకుండా వస్తానన్నావు. ఇదిగో, ఇప్పుడు తిను."

ఆమె మేకు మీది రొట్టె తీయబోయింది. కిటికీలోంచి వాలుపొద్దు వెలుగు దానిమీద పడింది. నున్నటి నిండు కాటు. నడుమ గట్టు లేదు.

ఆమె కాటు వైపు చూసింది. మొగుడి నోటి వైపు చూసింది. చెయ్యి దించేసింది.

ఆ రొట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరిదైనా కానీ, వస్తానని చెప్పి వెళ్ళినవాడి రొట్టె. ఆమె తీయదు. మత్‌యాకూబ్ గడప దాటడు. తను లేనప్పుడు ఆ తలుపు తట్టేది ఎవరో అతనికి తెలుసు. పొయ్యికి ఎదురుగా కూర్చుని, భార్య వైపు చూడకుండా, ఆ మేకు వైపే చూస్తుంటాడు. తుఫాను రోజుల్లో ఆమె రెండు కూజాల నీళ్ళు నింపి తలుపు దగ్గర పెడుతుందట.

ఇన్నేళ్ళకు అది రాయిలా ఎండిపోయి ఉండాలి కదా అంటారా? నిరుడు ఒకతను వేలు ఆనించి చూశాడు. మెత్తగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. నన్ను నమ్మకండి, అతన్నే అడగండి. కాలవ అవతల, వంతెన దాటగానే నీలం తలుపుల ఇల్లు. ముందు అతనికో రొట్టె తుంచి పెట్టి, తర్వాత అడగండి. పేరు రజబ్‌బాయ్.