వడ్లకు కాపలా

లారీ ఎనభై కిలోమీటర్ల వేగంతో వస్తోంది. డ్రైవర్ బషీర్ కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. రోడ్డు మధ్యలో నిలబడ్డ డాక్టర్ హైమవతి కదల్లేదు. లారీ దానంతటదే బ్రేకు వేసుకుని ఆమెకు రెండు బారల దూరంలో ఆగింది.

ఆమె చేతికున్నది తను తయారుచేసి పరీక్షిస్తున్న రక్షాపట్టీ. అందులోని చిప్ రెండు వందల అడుగుల దాకా సిగ్నల్ పంపుతుంది. అది అందిన వాహనం ఆగిపోతుంది. డ్రైవర్ బటన్ నొక్కితే నడక వేగంతో పక్కనుంచి వెళ్ళొచ్చు. హైవే ఊళ్ళలో రోడ్డు దాటుతూ ప్రాణాలు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా బడిపిల్లలే. అందుకని మొదటి పట్టీలు వాళ్ళకే ఇచ్చారు.

కోతల కాలంలో హైమవతి పట్టీలు ఎలా పనిచేస్తున్నాయో చూడ్డానికి లింగారం వచ్చింది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచున రాళ్ళు. లారీలు వచ్చి ఆగి, మెల్లగా పక్కనుంచి పోతున్నాయి.

"ఈసారి ఒక్క టైరు ఎక్కలే మేడమ్," అంది ఎల్లవ్వ, కాళ్ళతో వడ్లు తిరగేస్తూ. "మీ మిషన్ పుణ్యం."

ఒక రాయికి పేరు రాసిన పట్టీ కట్టి ఉంది.

"ఇది మీ మనవరాలు నిత్యది కదా?"

"పిల్ల బడిల ఉన్నది. బడిలకు లారీలొస్తయా?"

"బడి వదిలాక?"

ఎల్లవ్వ కాళ్ళు ఆగాయి. దూరంగా బడి గేటు తెరిచారు. మిగతా పిల్లలు ఇంకా చాలా వెనక ఉండగానే నిత్య ఒక్కతే పరిగెత్తుకొచ్చి రోడ్డెక్కింది. అటువైపు నుంచి లారీ వస్తోంది. అద్దం వెనక డ్రైవర్ తల వంచి ఫోన్ చూసుకుంటున్నాడు. బ్రేకు వేయడం అతని పని కాదిప్పుడు.

ముడి విప్పే సమయం లేదు. హైమవతి రాయిని పొట్టకు అదుముకుని పరిగెత్తింది. అరిచింది. నిత్య ఆ అరుపుకు రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది.

టైర్లు కీచుమన్నాయి. లారీ బంపరు పిల్ల బడిసంచిని తాకి ఆగింది.

ఎల్లవ్వ పరిగెత్తుకొచ్చి, పళ్ళతో ముడి లాగి, పట్టీని మనవరాలి చేతికి కట్టింది.

"తప్పయింది మేడమ్. సచ్చినా దీన్ని పిల్ల చేతికెళ్ళి తియ్య."

హైమవతి కారెక్కి, మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది.

ఎల్లవ్వ వడ్ల అంచున గోనెసంచి పరుస్తోంది.

"ఈడ కూసో బిడ్డా. పొద్దుగూకేదాక కదలకు."

నిత్య కూర్చుని పుస్తకం తెరిచింది. వచ్చిన లారీ ఆమె ముందు ఆగింది.